కొట్టివేతల్లేని రిజిస్టర్

మా సబ్‌స్టేషన్‌కు ఏ పెద్దసారు తనిఖీకి వచ్చినా ముందు అడిగేది ఇస్మాయిల్ రిజిస్టర్‌నే. నా షిఫ్టు పేజీలు వస్తే మొహం చిట్లించేవాళ్లు. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, పైగా ప్రతి రెండో వరుసలో ఒక కొట్టివేత. ఇస్మాయిల్ పేజీ రాగానే చల్లబడేవాళ్లు. స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీతలు, నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. పదకొండేళ్లలో ఒక్క చోట కూడా కొట్టివేత లేదు. ఒక ఇంజనీరు సారైతే గద్వాల నుంచి మిగతా ఆపరేటర్లను పిలిపించి మరీ ఆ రిజిస్టర్ చూపించాడు. నాకు ఒళ్లు మండేది. కడుపుమంటే, ఒప్పుకుంటాను.

ఊరు గట్టు మండలంలోనిది. పేరు రాయను. ఆ ఊరికి మేం చేసింది చాలు.

నా పేరు బాలన్న. నేనూ ఇస్మాయిలూ ఒకే సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్లం. ఉదయం షిఫ్టు అతనిది, మధ్యాహ్నం రెండు నుంచి నాది. ఇద్దరికీ పొంతనే లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రైతు ఫోన్ చేసి తిడితే నేను రెండు ఎక్కువే తిట్టి పెట్టేసేవాణ్ని. "బాలన్న మనసుల పెట్టుకోడు, మొహం మీదనే అనేస్తడు" అని ఊళ్లో పేరు. ఇస్మాయిల్ అట్లా కాదు. అమ్మనాబూతులు తిట్టినా "అచ్ఛా, జర ఆగు అన్నా, చూస్త" అనేవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కాలు మీద కాలు వేసుకుని కూర్చోగా ఎవరూ చూడలేదు. అతని భార్య సల్మా కట్టిచ్చిన డబ్బా తెరిచి, ముందు నాకు పెట్టి, తర్వాత తను తినేవాడు. అబద్ధం అనేది ఆయన నోట పుట్టదని నేను పిల్లలకు చెప్పేవాణ్ని.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు మాకు ఫోన్ చేయాలి. మేం ఆ లైను ఆపి, అతని పేరూ టైమూ రిజిస్టర్‌లో రాసి, అప్పుడు ఎక్కమంటాం. దీన్ని లైన్ క్లియర్ అంటారు, మేం ఎల్‌సీ అంటాం. పని అయ్యాక అతను దిగి, మళ్లీ ఫోన్ చేసి ఎల్‌సీ వాపస్ ఇవ్వాలి. అప్పుడే కరెంటు వదలాలి. ఒకే లైను మీద ఇద్దరు రెండు చోట్ల ఎక్కితే ఇద్దరూ వాపస్ ఇచ్చేదాకా స్విచ్ ముట్టకూడదు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే పని ఇది.

ఇస్మాయిల్ మాత్రం రిజిస్టర్‌లో వెంటనే రాసేవాడు కాదు. కూతురు ముబషిరా పాత నోటుబుక్కులు చింపి, చీటీలు చేసి, క్లిప్పుకు పెట్టుకునేవాడు. ఫోన్ రాగానే చీటీ మీద రాసుకోవడం, షిఫ్టు దిగే ముందు అన్నీ వరుసగా రిజిస్టర్‌లోకి ఎక్కించడం. లైన్‌మన్లు ఎల్‌సీ అడిగి మళ్లీ వద్దంటారు, టైము మారుస్తారు, అప్పుడు రిజిస్టర్‌లో కొట్టివేయాల్సి వస్తుంది. ఆ కొట్టివేత అతను భరించలేడు. ఇది తప్పని మాకందరికీ తెలుసు. వచ్చిన సారు ప్రతి ఒక్కడూ పేజీ చూసి మెచ్చుకున్నాడే గానీ, ఇంత శుభ్రంగా ఎట్లా వస్తుందని ఎవడూ అడగలేదు. నేనూ ఎగతాళి చేయడం తప్ప ఏమీ అనలేదు.

అది 2022 ఆగస్టు. రెండు వారాలుగా వాన జాడ లేదు. మా దగ్గర అప్పుడు విత్తనం కోసం వేసే సీడు పత్తికి క్రాసింగ్ నడుస్తుంటుంది. సాయంత్రం మొగ్గలు గిల్లి, పొద్దున్నే మగ పూలు తెచ్చి ఒక్కొక్క పువ్వుకూ చేత్తో అద్దాలి. చేనుకు నీళ్లు తప్పితే పువ్వు రాలిపోతుంది, ఏడాది కష్టం పోతుంది. అందుకని కరెంటు పది నిమిషాలు పోతే చాలు, సబ్‌స్టేషన్ ఫోన్లు మోగిపోయేవి.

ఆ రోజు ఇంట్లో గొడవ పడి నేను పదకొండున్నరకే సబ్‌స్టేషన్‌కు వచ్చి కూర్చున్నాను. అక్కడ ఫ్యానుంటుంది, ఇస్మాయిల్ డబ్బా ఉంటుంది. వెంకటన్న అనే లైన్‌మన్ పదకొండు గంటల పది నిమిషాలకే రెండో నంబరు లైను మీద ఎల్‌సీ తీసుకున్నాడట. నేను వచ్చిన కాసేపటికి శ్రీశైలం ఫోన్ చేశాడు. శ్రీశైలం మా సెక్షన్‌లో చిన్న లైన్‌మన్, ఇరవై తొమ్మిదేళ్లవాడు. అతనూ అదే లైను మీద, కానీ ఇటు కొసన, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఎక్కాలి. ఇస్మాయిల్ చీటీ తీసి రాసుకున్నాడు: శ్రీశైలం, 11-40, రెండో నంబరు.

"రాసుకున్న శ్రీశైలం. లైను బందే ఉంది. ఎక్కు," అన్నాడు.

ఆ మాట నేను చెవులారా విన్నాను. చీటీ కళ్లారా చూశాను.

పన్నెండూ ఇరవైకి వెంకటన్న దిగి, తన ఎల్‌సీ వాపస్ ఇచ్చాడు. ఇస్మాయిల్ లేచి వెళ్లి స్విచ్ వేశాడు.

మూడు నిమిషాలకు ఫోన్ వచ్చింది. ఎవరో రైతు, మాట సరిగ్గా రావడం లేదు. స్తంభం మీద మనిషి కాలుతున్నాడని అర్థమైంది. ఇస్మాయిల్ పరుగెత్తి స్విచ్ తీశాడు. తీసి ఏం లాభం. లైనును భూమికి కలిపే ఎర్తింగ్ రాడ్లు తగిలించుకుని ఎక్కితే బతికేవాడు కదా అని తర్వాత సార్లు అన్నారు. సెక్షన్ మొత్తానికి ఒకటే జత రాడ్లు. ఆ రోజు అవి వెంకటన్న దగ్గర ఉన్నాయి.

వెంకటన్న సంగతి కూడా చెప్పాలి. పని తప్పించుకోవడంలో వాణ్ని మించినవాడు లేడు. పొద్దున్నే తాగుతాడు. చిన్న వాన పడితే నడుం నొప్పంటాడు. ఆ వెంకటన్న బండి మీద ఎనిమిది కిలోమీటర్లు వచ్చి, లైను ఆపారో లేదో అడగకుండా, చేతికి గ్లవుజులు కూడా లేకుండా స్తంభం ఎక్కాడు. శ్రీశైలాన్ని తాడు కట్టి దింపమని కింద జనం అరుస్తుంటే వినలేదు. భుజం మీద వేసుకుని దింపాడు. వాడి చొక్కాకు అంటుకున్నది నేను రాయలేను.

సబ్‌స్టేషన్‌లో అప్పుడు మేమిద్దరమే. నేను ఏడుస్తున్నాను, గట్టిగానే. ఇస్మాయిల్ ఏడవలేదు. కుర్చీలో కూర్చుని రిజిస్టర్ ముందుకు లాక్కున్నాడు. స్కేలు పెట్టి ఎర్రగీత గీశాడు. వెంకటన్న ఎల్‌సీ తీసుకున్న టైము రాశాడు, వాపస్ ఇచ్చిన టైము రాశాడు, కరెంటు వదిలిన టైము రాశాడు. తర్వాత క్లిప్పు నుంచి శ్రీశైలం చీటీ తీసి చాలాసేపు చూశాడు. నాలుగు మడతలు పెట్టి పై జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"బాలన్నా, చాయ్ తాగుతవా?" అన్నాడు.

పదకొండేళ్లు ఆ మనిషి పెట్టిన అన్నం తిన్నాను. ఈ మనిషి ఎవరో నాకు తెలియదనిపించింది. చాయ్ తాగాను.

మూడు వారాలకు గద్వాలలో విచారణ పెట్టారు. అక్కడ తేలాల్సింది ఒక్కటే. శ్రీశైలం ఎల్‌సీ తీసుకుని ఎక్కాడా, తీసుకోకుండా ఎక్కాడా. తీసుకుని ఎక్కితే డ్యూటీలో చనిపోయినట్టు, అతని భార్య మనీషాకు ఉద్యోగం వస్తుంది. తీసుకోకపోతే సొంత తప్పు, అంతటితో సరి. నాలుగేళ్ల పిల్లతో ఆమె ఏమైనా కానీ.

ఇస్మాయిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పటి గొంతుతోనే చెప్పాడు.

"శ్రీశైలం ఫోన్ చేసిండు సార్. లైన్ ఉందా, లేదా అని అడిగిండు. లేదని చెప్పిన. ఎల్‌సీ అడగలే. గట్ల ఎక్కుతడని నాకు తెల్వదు."

ఎంత పకడ్బందీగా అల్లాడంటే, శ్రీశైలం ఫోన్‌లో ఉన్న ఆ కాల్‌ కూడా అందులో ఇమిడిపోయింది. విచారణ సారు రిజిస్టర్ తిప్పి చూశాడు. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఇట్లాంటి రిజిస్టర్ అబద్ధం చెప్పదన్నట్టు తలాడించాడు.

గోడవారగా మనీషా కూర్చుని ఉంది. ఆమె మొగుడికి సద్దిమూట తెస్తే మా గేటు దాటి లోపలికి వచ్చేది కాదు. పలకరిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సారు ఆమెను ఏమైనా చెప్పేదుందా అని మాటవరసకు అడిగాడు. లేచి నిలబడింది.

"సార్, ఆయన ఇంట్ల చెప్తుండె. ఇస్మాయిల్ భాయ్ ముందుగాల చీటి మీద రాసుకుంటడు, ఎనుక బుక్కుల ఎక్కిస్తడు అని. గందుకే గంత సాఫ్ ఉంటదంట. ఆ నాటి చీటి ఏది సార్?"

"చీటీలేమీ లేవు సార్. నేరుగనే రాస్త," అన్నాడు ఇస్మాయిల్. సారు నా వైపు తిరిగాడు.

"బాలన్నా, ఆ టైముకు నువ్వు ఆడనే ఉన్నవు గదా? చీటి సంగతి ఏమన్న తెల్సా?"

ఇస్మాయిల్ నా వైపు చూశాడు. చెప్పొద్దని బతిమాలే చూపు కాదు అది. చెప్పేయమన్నట్టు ఉంది. తన వల్ల కాని పని నేను చేసిపెడతానేమో అని ఎదురుచూసినట్టుంది. నాకు అట్లా అనిపించింది మరి, నిజమెంతో దేవుడికి తెలియాలి.

మొహం మీద అనేసే బాలన్నను నేను. సార్లనూ సర్పంచులనూ లెక్కచేయని బాలన్నను.

"తెల్వదు సార్," అన్నాను.

ఇందాక ఒక సంగతి దాటేశాను. వెంకటన్న వాపస్ ఇచ్చిన ఫోన్ ఎత్తింది నేను. ఇస్మాయిల్ అప్పుడు ఇంకో ఫోన్‌లో ఒక పెద్దమనిషితో తిట్లు తింటున్నాడు. కరెంటు ఇస్తావా, మనుషులను పంపి సబ్‌స్టేషన్ పగలగొట్టించమంటావా అని ఆయన కేకలు నాదాకా వినిపిస్తున్నాయి. ఇస్మాయిల్ చెవి దగ్గర చెమట కారుతోంది. నాకు చిరాకెత్తింది.

"వెంకటన్న వాపస్ ఇచ్చిండు. ఇడువు భాయ్, ఇంకెంతసేపు! ఈళ్ల నోళ్లన్న మూతపడతయి!" అని అరిచాను.

అతను నా అరుపుకే లేచాడు. శ్రీశైలం చీటీ ఉన్న క్లిప్పు నా మోచేతి పక్కనే ఉంది. గుర్తు లేదా అంటే ఉంది, ఉందా అంటే లేదు. ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పలేకపోతున్నాను. ఇస్మాయిల్ విచారణలో నా అరుపు గురించి ఒక్క మాట అనలేదు. నన్ను కాపాడాడో, కట్టేశాడో నాకు అర్థం కాలేదు.

శ్రీశైలం ఎల్‌సీ తీసుకోకుండా, నిర్లక్ష్యంగా స్తంభం ఎక్కి చనిపోయాడని కాగితం వచ్చింది. ఊళ్లో కూడా ఆ మాటే స్థిరపడింది. చాయ్ హోటల్లో ఎవడో "బుద్ధి లేక సచ్చిండు" అంటే నేను విని డబ్బులిచ్చి లేచి వచ్చాను. మనీషా సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ కూలికి పోతోందని తెలిసింది.

ఆ తర్వాత ఇస్మాయిల్ చీటీలు మానేశాడు. నేరుగా రిజిస్టర్‌లోనే రాసేవాడు. రాసింది కొట్టేసి, మళ్లీ అదే రాసేవాడు. ఒక్కొక్క టైము మూడుసార్లు, నాలుగుసార్లు. పేజీలు నలుపెక్కి చిరుగులు పట్టాయి. ఎల్‌సీ ఇచ్చాక ఐదు నిమిషాలకొకసారి లైన్‌మన్‌కు ఫోన్ చేసి "పైన ఉన్నవా, కింద ఉన్నవా" అని అడిగేవాడు. స్తంభం మీద మనిషి ఫోన్ ఎట్లా ఎత్తుతాడు? ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేసేవాడు. అన్నం చల్లగా ఉందని సల్మా మీదికి గిన్నె విసిరాడట. ఆమె కనుబొమ్మ చిట్లింది. పదిహేడేళ్ల కాపురంలో గొంతు పెంచని మనిషి. మా ఆవిడ చెబితే నేను నమ్మలేదు, తర్వాత ఆమె నుదుటి మీద కట్టును నా కళ్లతోనే చూశాను.

ఆ కట్టుతోనే ఒక మధ్యాహ్నం సల్మా నా దగ్గరికి వచ్చింది. ఇస్మాయిల్ ఆ రోజు వేసుకున్న చొక్కాను ఉతకనివ్వకుండా పెట్టె అడుగున దాచుకున్నాడట. ఆమె తీసి చూస్తే పై జేబులో చీటీ దొరికింది. మడతలు విప్పి నా ముందు పెట్టింది.

"అన్నా, ఇది ఏంది? శ్రీశైలం పేరు ఉంది. ఆయన్ని అడిగితే మాట్లాడ్తలేడు."

"పాత చీటి అమ్మా. పారెయ్యి," అన్నాను.

ఆమె పారేయలేదు. ఇంటి నుంచి కిరాణా కొట్టుకు కూడా ఒంటరిగా వెళ్లని మనిషి. బుర్ఖా వేసుకుని, బస్సెక్కి, చేల గట్ల మీద అడుగుతూ అడుగుతూ పోయి, ఆ చీటీని మనీషా చేతిలో పెట్టింది. మొగుడి ఉద్యోగం పోతుందని తెలిసే పెట్టింది. ఆ సాయంత్రమే ముబషిరాను తీసుకుని వనపర్తిలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు.

మనీషా చీటీ పట్టుకుని గద్వాల వెళ్లింది. చీటీ మీద పేరుంది, టైముంది, తేదీ లేదు. ఇస్మాయిల్‌ను పిలిచి అడిగితే "రాత నాదే సార్. గానీ ఆ నాటిది కాదు" అన్నాడట. సాక్షి ఎవరైనా ఉంటే మళ్లీ చూస్తామన్నారు సార్లు.

అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. నా షిఫ్టులోనే. ఈసారి గేటు దాటి లోపలికి, నా బల్ల దాకా వచ్చింది.

"అన్నా, ఈ చీటి రాసేటప్పుడు నువ్వు ఈడనే ఉన్నవంట. ఒక్క మాట చెప్పు. నాకు కొల్వు రాకపోయినా మంచిదే. నా బిడ్డ వాళ్ల నాయన బుద్ధిలేక సచ్చిండని ఇనొద్దు."

నాకు అప్పటికి రిటైర్మెంటు ఏడాదిన్నర దూరంలో ఉంది. చెబితే నా అరుపు కూడా చెప్పాలి. నా ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, కేసవుతుంది. ఇవన్నీ ఆమె నిలబడి ఉండగానే లెక్కేసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నోరు తెరిచి తెల్వదమ్మా అనే అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఆయన నీ గురించి మంచిగ చెప్తుండె," అని వెళ్లిపోయింది.

ఇస్మాయిల్ ఇప్పుడు ఫోన్లు లేని చోటు అడిగి, వనపర్తిలో సామాను గోడౌన్‌కు మారాడు. ఒకసారి చూడ్డానికి వెళ్లాను. చొక్కా మాసి ఉంది, జేబులో పెన్నుల్లేవు. ఒకే ఊళ్లో ఉన్నా సల్మా ఇంటికి రానివ్వడం లేదట. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

"నువ్వు చెప్తవనుకున్న," అన్నాడు.

"నువ్వెందుకు చెప్పలే?" అన్నాను.



మొన్న ఆగస్టు ముప్పై ఒకటిన నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. నిజాన్ని మొహం మీద చెప్పే మనిషని ఒకాయన పొగిడాడు. వారం రోజులు నిద్ర లేదు. ఎనిమిదో రోజు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇస్మాయిల్ చీటీ రాయడం చూశానని, ఎక్కు అనడం విన్నానని, కరెంటు వదలమని అరిచింది నేనేనని, అన్నీ రాశాను. నా రాతే కదా, నాలుగు చోట్ల కొట్టివేతలు పడ్డాయి. అట్లాగే సంతకం పెట్టి, పొద్దున్నే గట్టుకు బస్సెక్కాను.

మనీషా చేనులో ఉంది. వరుసలో పదిమంది ఆడవాళ్లు. చేతిలో మగ పూల బుట్ట, వేళ్లన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. చేని గట్టు మీద నిలబడి చెప్పాను. నేను తెచ్చిన కాగితంలో ఏముందో మొత్తం చెప్పాను. పక్క వరుసలోని వాళ్లు చేతులాపి నన్ను చూశారు. ఆమె ఆపలేదు. ఒక పువ్వుకు అద్ది, ఇంకో పువ్వు దగ్గరికి జరిగింది.

"నీ కొల్వు అయిపోయిందా అన్నా?" అంది.

"అయిపోయింది."

"ఎప్పుడు?"

"మొన్న ముప్పై ఒకటికి."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఊరికే చూసి, మళ్లీ చెట్టు మీదికి వంగింది.

"పొద్దెక్కితే పూలు పనికి రావు. కాగితం ఆ గట్టు మీద పెట్టి పో."

గాలికి ఎగిరిపోకుండా కాగితం మీద రాయి పెట్టి వచ్చాను.